జుమా తర్వాత వస్తామన్నారు

"ఇంకా చదవాల్నా, చాలా?" అంది ఖైరున్నీసా.

 కోడలు సాబిరా వంటగది గడపలో నిలబడి ఉంది. కొడుకు ముజీబ్ చొక్కా గుండీలు సగం పెట్టుకుని అలాగే ఆగిపోయాడు. ముగ్గురి చాయ్ చల్లారుతోంది.

ఖైరున్నీసా కళ్లజోడు సర్దుకుని పేపరును మళ్లీ మొహం దగ్గరికి తెచ్చుకుంది. తార్నాకలో ఆ వీధికంతటికీ ఆ ఒక్క ఇంటికే వచ్చే ఉర్దూ పేపరు అది. పొద్దున నమాజు కాగానే మొదటి పేజీ నుంచి చావు కబుర్ల దాకా చదివితే గాని ఆమెకు తెల్లవారదు. బుధవారం సాహిత్యం పేజీ వస్తుంది. ఆ పేజీలో ఈవేళ కోడలి పేరు కనపడింది. చూసి మురిసిపోయింది కూడా, పాపం. కొడుకును కేకేసి, "మన దుల్హన్ కథ పడ్డది, విను" అని పైకి చదవడం మొదలుపెట్టింది. ఆ మురిపెం ఒక కాలమ్ దాటలేదు.

"'ఆ దినం సంది ఆమె రెండు మంచాల నడుమ తన నిఖా దుపట్టాను తెర కట్టింది. నారింజ రంగు దుపట్టా. ఒక మూలకు జరీ తెగితే ఆకుపచ్చ దారంతోని కుట్టు వేసి ఉన్నది...'"

పేపరు దించకుండానే అంది. "ఆ కుట్టు వేసింది నేను."

ఆ ఇంట్లో మాటలన్నీ దక్కనీ ఉర్దూలో నడుస్తాయి. నేను వాటిని మన హైదరాబాదు తెలుగులో రాస్తున్నాను. సాబిరా చేసిందీ అదే. కాకపోతే ఆమె మీదికి వచ్చింది నా మీదికి రాకుంటే చాలు.

"అమ్మీ, అది కథ," అంది సాబిరా.

"కథల నా సూదిదారం ఎట్ల వచ్చింది?"

"ఏందమ్మీ? ఎవరి గురించి ఇది?" అన్నాడు ముజీబ్.

"నీ అక్క గురించి. ఇంకెవరింట్ల చూసినవ్, నిఖా దుపట్టా తాడు మీద వేలాడుడు?"

మెట్టుగూడ రైల్వే క్వార్టరులో ఉండే హాజరా ఇంటికి వెళ్లిన వాళ్లంతా ఆ దుపట్టాను చూసినవాళ్లే. ఉన్నది ఒకటే గది. ఇదేంటని అడిగితే హాజరా నవ్వేది. పిల్లలు చదువుకుంటుంటే లైటు కళ్లలో పడుతుందని చెప్పేది. పెళ్లినాటి అంత ఖరీదైన బట్టను తెర కట్టుకునే ఆడది ఉంటుందా అని ఎవరికీ తట్టలేదు. మనకు ఎదుటివాళ్ల ఇంట్లో చాయ్ తాగడం మీద ఉన్న ధ్యాస గోడల మీద ఉండదు.

ఖైరున్నీసా మిగిలిన కథను పైకి చదవలేదు. పెదవులు కదుపుతూ లోపలే చదువుకుంది. సాబిరా ఆ పెదవుల వంకే చూస్తూ నిలబడింది. తన కథను తాను చదువుకోలేని రచయిత్రిని మీరెప్పుడైనా చూశారా? సాబిరాది సూర్యాపేట పక్క పల్లె. చదువంతా తెలుగు బడిలో. ఖురాను చదవడానికి అరబ్బీ అక్షరాలు నేర్చుకుంది గాని, అచ్చుల గుర్తులేవీ లేకుండా గబగబా రాసుకుపోయే ఉర్దూ పేపరు ముందు ఆమె ఇప్పటికీ ఒకటో తరగతే. అందుకే అత్త పెదవులు ఎక్కడ ఆగితే అక్కడ ఏ వాక్యం ఉందో ఊహించుకుంటోంది.

ఒకచోట పెదవులు పూర్తిగా ఆగిపోయాయి.

"మూడుసార్లు అన్నడా?" అంది ఖైరున్నీసా.

సాబిరా తల వంచుకుంది.

"నిన్నే దుల్హన్. సత్తార్ నా బిడ్డను మూడుసార్లు అన్నడా? కాయితం మీద మస్తు నోరున్నది కద నీకు. ఇప్పుడేమయింది?"

అన్నాడు. చాలా ఏళ్ల కిందట ఒక సాయంత్రం, కూరలో ఉప్పు దగ్గర మొదలైన తగాదాలో సత్తార్ తలాక్ మాట మూడుసార్లు అనేశాడు. తెల్లారి పిల్లవాడిలా ఏడ్చాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే వాళ్ల పెద్దల లెక్కలో ఆ సాయంత్రమే పెళ్లి తెగిపోయినట్టు. హాజరా పిల్లలిద్దరి కోసం అదే గదిలో ఉండిపోయింది. వండింది, ఉతికింది, పండుగలకు నవ్వింది. రాత్రిళ్లు మాత్రం తెరకు ఇవతలే పడుకుంది.

"నాకు చెప్పలే," అంది ఖైరున్నీసా. గొంతులో కోపం లేదు ఇప్పుడు. అది ఇంకా భయంగా ఉంది. "కన్నతల్లిని. నాకు చెప్పలే. నీకెప్పుడు చెప్పింది?"

"నా కడుపు పోయినప్పుడు. నాకు తోడు వచ్చి పండుకున్నది కద అమ్మీ, అప్పుడు."

"అంటే నీ దుఃఖం చూడలేక తన దుఃఖం చెప్పింది. దాన్ని నువ్వు అచ్చేయించినవ్."

సాబిరా జాగ్రత్తలు పడకపోలేదు. పేరు మార్చింది, ఊరు మార్చింది, రైల్వే ఫిట్టర్ను దర్జీని చేసింది. దుపట్టాను మాత్రం మార్చలేకపోయింది. అది తీసేస్తే కథ నిలబడలేదు. తెలుగు వారపత్రికలో వేస్తే మెట్టుగూడలో ఎవరు చదువుతారు, అత్తవారి వైపు తెలుగు అక్షరం ముక్క వచ్చినవాళ్లు ఎవరున్నారు అనుకుంది. తెలుగే తనకు పర్దా అనుకుంది.

మరి ఉర్దూలోకి ఎలా వెళ్లిందంటారా? ఆమె పిలిస్తేనే వెళ్లింది. నిరుడు నగరంలో ఒక సభలో మైకు ముందు నిలబడి, "ఉర్దూ రానోళ్లం ముసల్మానులం కాదా? తెలుగుల రాసుకుంటున్న మా ఆడోళ్ల కథ ఒక్కటన్న మీ పేపర్లల్ల వేసిన్రా?" అని నిలదీసింది. చప్పట్లు మోగాయి. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలి ఉర్దూ రచయిత సిగ్గుపడి తల వంచుకున్నాడు. ఆ పెద్దమనిషే ఇప్పుడు ఎంతో గౌరవంగా, అక్షరం పొల్లుపోకుండా, ఆకుపచ్చ దారంతో సహా అనువాదం చేసిపెట్టాడు.

ముజీబ్ గుండీలు పెట్టుకోవడం పూర్తి చేశాడు. అప్పటిదాకా భార్య వైపు చూడనే లేదు.

"రాసిన ప్రతి కథా నాకు చదివి వినిపిస్తవు," అన్నాడు నెమ్మదిగా. "నిద్రొస్తున్నదన్నా లేపి వినిపిస్తవు. ఇదెందుకు వినిపించలే?"

"ముజీబ్..."

"ఎందుకంటే నీకు తెలుసు."

ఆ మాటకు ఖైరున్నీసా కూడా కోడలి మొహంలోకి చూసింది.  అవును, తెలుసు. తెలిసే రాసింది. రాయకుండా ఉండలేక రాసింది. ఈ రెండో ముక్క ఈ ఇంట్లో ఎవరికి చెప్పుకుంటుంది?

కింద వాటాలోంచి ఇంటి ఓనరు శ్యామలాంబ కేక వినపడింది. "ముజీబ్ గారూ! మీకు ఫోనండీ! మెట్టుగూడ నుంచట!"

ముజీబ్ దిగి వెళ్లాడు. కాసేపటికి తిరిగి వచ్చాడు. గోడకు ఆనుకుని నిలబడి చెప్పాడు.

"సత్తార్ భాయ్ చేసిండు. పొద్దున్నే పేపరు చూసిన్రంట. మసీదు కమిటీ పెద్దలు పిలిచి అడిగిన్రంట. భాయ్ కాదన్నడంట. అయితే రాసిన ఆమెనే అడుగుతమన్నరంట."

"ఎప్పుడు?" అంది ఖైరున్నీసా.

"ఎల్లుండి జుమా నమాజు తర్వాత. ఇక్కడికే వస్తరంట."

*

మర్నాడు సాబిరా యూనివర్సిటీకి వెళ్లింది. ఇంట్లో ఉంటే అత్త మౌనం మీద పడుతోంది. పైగా అక్కడ ఆపవలసిన పని ఒకటి ఉంది.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గరే నవనీత ఎదురుపడింది. తెలుగు శాఖలో ఇద్దరూ ఒకే ఏడాది రీసెర్చికి చేరారు. నవనీతది జనగామ దిక్కు పల్లె, లేడీస్ హాస్టల్లో ఉంటుంది. మామూలుగా దూరం నుంచే కేకేసే మనిషి ఇవాళ చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"అటు దిక్కు చూడకు. లోపలికి పా."

చూడకు అంటే చూడకుండా ఉంటామా? నోటీసు బోర్డు మీద గులాబీ రంగు కరపత్రం అంటించి ఉంది. కింద ఏ సంఘం పేరూ లేదు. పైన పెద్ద అక్షరాలతో 'వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్ల గతి ఇదీ! వాళ్ల రచయిత్రే చెబుతోంది!' అని ఉంది. దాని కింద తన కథలోంచి తలాక్ సన్నివేశం, మాట మాటకూ. తన పేరు అన్నిటికన్నా లావుగా ఉంది.

"పొద్దుటి సంది చింపుతనే ఉన్న," అంది నవనీత. "హాస్టల్ దగ్గర, కాంటీన్ల, మాణికేశ్వర్ నగర్ పోయే తొవ్వంట అంతట ఉన్నయి. చింపినకాడ మళ్ల అంటిస్తున్నరు. ఎవడో దొరకలే."

"వాళ్ల ఇండ్లు," అంది సాబిరా. "సభల మాట్లాడితే నేను వీళ్ల తెలుగు ఆడపడుచును. గీడ మాత్రం 'వాళ్ల'."

మెట్ల మీద నిలబడ్డ కుర్రాడొకడు నవ్వుతూ దగ్గరికి వచ్చాడు. శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా, నుదుట బొట్టు. సాబిరా ఎప్పుడూ చూడని మొహం.

"మేడమ్, భయపడకండి. మా సపోర్టు మీకుంటది. తార్నాకల మీ ఇల్లు ఎక్కడనో కూడ మాకు తెలుసు. ఏమన్న అయితే వచ్చేస్తం."

వెళ్లిపోయాడు. నవనీత అతని వీపు వైపు చూస్తూ ఉండిపోయింది. తిట్టి ఉంటే బదులు తిట్టవచ్చు. అంత మర్యాదగా మాట్లాడినవాణ్ణి ఏం చేస్తాం?

తెలుగు శాఖలో పాఠాలు చెప్పే డాక్టర్ కమలాదేవి గదిలో పేపర్ల గుట్టల మధ్య ఫ్యాను చప్పుడు చేస్తూ తిరుగుతోంది. ఆమె గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. మొన్న సారా మీద ఊరేగింపుల్లో పల్లెటూరి ఆడవాళ్లతో కలిసి లాఠీ దెబ్బలు తిన్నది. మంచిదే. మంచివాళ్లతో ఒక్కటే చిక్కు, వాళ్లకు ఎదుటివాళ్ల ఇబ్బంది చెబితే గాని తెలియదు.

"రా అమ్మా రా! ప్రకటన రాశాను, చూడు," అంది. "'ఈ కథ కల్పన కాదు, రచయిత్రి స్వయంగా ఎరిగిన స్త్రీ జీవితం. ఆమెపై వస్తున్న ఒత్తిడిని ఖండిస్తున్నాం.' పదిమంది సంతకాలు పెట్టారు. సాయంత్రం పేపర్లకు ఇచ్చేస్తాం."

"ఇయ్యొద్దు మేడమ్."

"అదేంటి?"

"కల్పన కాదని రాయొద్దు. మీకు నమ్మి చెప్పిన ఆ మాట."

కమలాదేవి కలం మూత పెట్టింది. "చూడు సాబిరా, నీ కష్టం నాకు అర్థమవుతుంది. కానీ ఇన్నాళ్లకు మీ ఆడవాళ్లలోంచి ఒక గొంతు తెలుగులో పైకి లేచింది. ఇప్పుడు నువ్వు తగ్గావంటే రేపు ఇంకో పిల్ల కలం పట్టుకుంటుందా? కాస్త ధైర్యం చెయ్యాలమ్మా."

"ధైర్యం నాకు కాదు మేడమ్, మా ఆడబిడ్డకు, మా ఆపాకు కావాలె. ఆమెను అడిగినమా మనం?" సాబిరా ఆ కాగితం మీద వేలు పెట్టింది. "మీరందరు సంతకం పెట్టి ఇంటికి పోతరు. ఆమె ఏ ఇంటికి పోవాలె? క్వార్టరు మొగని పేరు మీద ఉన్నది. పిల్లలను బీదర్ తీస్కపోతనని ఆమె అత్త ఎప్పటి సందో కాసుకొని కూసున్నది. పిల్లలు పోతే ఆపా బతకదు."

 కమలాదేవి ఆ కాగితాన్ని నిలువునా మడిచి సొరుగులో పెట్టేసింది. చించలేదు. మడిచి పెట్టింది.

"సరే. నువ్వు చెప్పేదాకా ఇవ్వను," అంది.

బయటికి వచ్చాక తార్నాక గేటు దాకా నవనీత తోడు వచ్చింది. 

"రేపు మీ మసీదు పెద్దలొస్తే ఏం చెప్తవు?" అంది నవనీత.

"అంత నేనే పుట్టించిన అని చెప్త."

"అబద్ధమాడుతవా?"

"ఆడుత."

"ఆపా కొరకు ఆడు. నేను వద్దనను," అంది నవనీత. గేటు దగ్గర ఆగి చుట్టూ చూసి అంది. "కాని గీ గులాబీ కాయితాలోళ్లు నిన్ను ఊకె ఇడ్సిపెట్టరు. ఇంటికి పోయినంక తలుపు గడి పెట్టుకో."

*

సాయంత్రం హాజరా వచ్చింది. నల్ల బురఖాలో ఒక్కతే, బస్సు దిగి నడుచుకుంటూ. తల్లి వాకిట్లోనే ఎదురు వెళ్లి, ఏమీ అనకుండా, కూతురి రెండు చేతులూ పట్టుకుని తన కళ్లకు అద్దుకుంది. హాజరా తల్లి భుజం మీద ఒక్కసారి తట్టి, చేతులు విడిపించుకుని నేరుగా వంటగదిలోకి వచ్చింది.

సాబిరా పీట మీద నుంచి లేచి నిలబడింది. తిడుతుందనుకుంది. కొడితే బాగుండుననుకుంది.

"ఉర్దూల విన్న," అంది హాజరా. "పక్క క్వార్టరు ఆమె కొడుకు చదివిండు. నువ్వు రాసిన తీరుగ వినాలె. చదువు."

"ఆపా, నన్ను మాఫ్ చెయ్యి. ముందుగాల..."

"చదువు దుల్హన్."

సాబిరా పత్రిక తీసుకొచ్చి చదివింది.  హాజరాకు తెలుగు చదవడం రాదు గాని క్వార్టర్లలో లచ్చమ్మలతో, సుబ్బలక్ష్ములతో ఇన్నేళ్లు నీళ్ల పంపు దగ్గర నిలబడింది, ఆమెకు అర్థం కాని ముక్క లేదు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని వింది. తెర కట్టిన చోటు వచ్చినప్పుడు కళ్లు తెరిచింది.

"ఏడ్చుకుంట కట్టిందని రాసినవ్. నేను ఏడ్వలే. సుత్తె తీసుకొని మేకు కొట్టిన. వేలు మీద పడ్డది, అయినా ఏడ్వలే. అది తప్పు రాసినవ్."

సాబిరా మిగిలింది కూడా చదివి పత్రిక మూసింది.

"మిగతాదంత ఒప్పే," అంది హాజరా. కాసేపటికి ఇంకో మాట అంది, చాలా మెల్లగా. "ఇన్నేండ్ల సంది నా లోపల నేనొక్కదాన్నే ఉన్న. నువ్వు చదువుతుంటె ఇంకొకరు వచ్చి పక్కన కూసున్నట్టు అయింది. ఆ మాట అబద్ధమెందుకు చెప్పాలె."

"ఆపా..."

"అయినా నువ్వు లేదనే చెప్పాలె. రేపు పెద్దలొస్తే, అది నేను కాదని చెప్పు. మా అత్త రేపు పొద్దున బీదర్ బస్సు దిగుతది. ఎవరు పిలిచిన్రో నాకు తెల్వదు. సత్తార్ పిలువలేదంటున్నడు." సాబిరా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. "నా పిల్లలు దుల్హన్. నాకు ఇంకేం వద్దు. చెప్తవా?"

"చెప్త ఆపా."

హాజరా బురఖా సర్దుకుని వెళ్లిపోయింది. తల్లి అన్నం తినమని ఎంత బతిమాలినా ఆగలేదు. ఆ రాత్రి ఖైరున్నీసా కోడలి పళ్లెంలో తానే అన్నం పెట్టింది. 

*

జుమా నమాజు అయ్యాక చెప్పినట్టే వచ్చారు. ముగ్గురు పెద్దలు, వాళ్ల వెనకే సత్తార్. పెద్దల్లో మాట్లాడేవాడు జలీల్ సాబ్, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయిన మనిషి. తెల్లటి గడ్డం, మెత్తటి మాట. ముందు గదిలో చాప మీద కూర్చుని ముందుగా ముజీబ్ ఆరోగ్యం అడిగాడు, తర్వాత ఇంటద్దె అడిగాడు, తర్వాత నీళ్లు అడిగాడు. ఈ పని ఆయనకు ఇష్టం లేదని మొహమే చెబుతోంది.

లోపలి గది గుమ్మానికి కర్టెను వేసి ఉంది. దాని వెనక ఖైరున్నీసా, హాజరా. హాజరాను కూడా రమ్మన్నారు, అవసరమైతే ఒక మాట అడగడానికి. సాబిరా తల మీద కొంగు కప్పుకుని గుమ్మం పక్కన నిలబడింది. కింద వీధిలో ఎవరో స్కూటరు ఆపి ఉంచారు, ఇంజను ఆగలేదు. ముజీబ్ ఒకసారి కిటికీలోంచి తొంగి చూసి వచ్చాడు.

"ఎవరు?" అంది సాబిరా కళ్లతోనే. తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"బేటీ," అన్నాడు జలీల్ సాబ్, "నువ్వు చదువుకున్నదానివి. మేము ఎవరి సంసారంల వేలు పెట్టేటోళ్లం కాదు. కాని పేపర్ల పడ్డంక మహల్లా అంత మాట్లాడుతున్నది. అడగకపోతే మా తప్పయితది. నువ్వు రాసింది హాజరా సంగతేనా?"

"కాదు జలీల్ సాబ్."

"మరి దుపట్టా?"

"ఆపా ఇంట్ల చూసిన. మంచిగ అనిపించింది. తీసుకొని కథల పెట్టిన. మిగతాదంత నేను అల్లిందే."

"తలాక్ మాట?"

"అది కూడా."

జలీల్ సాబ్ గడ్డం నిమురుకున్నాడు. పక్కనున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నమ్మాలనే ఉంది వాళ్లకు. నమ్మితే చాయ్ తాగి లేచి వెళ్లిపోవచ్చు. కాని ఇంకా ఏదో చాలలేదు. ఆ చాలనిది ఏమిటో సాబిరా పసిగట్టింది. కథలు రాసేవాళ్లకు ఉండే పాడు గుణం అది, వినేవాడికి ఏది కావాలో తెలిసిపోతుంది.

"అసలు అట్ల ఎవరన్న బతుకుతరా జలీల్ సాబ్?" అంది. గొంతులోకి నవ్వు కూడా తెచ్చుకుంది. "తెగిపోయినంక అదే గదిల, అదే మనిషికి వండిపెట్టుకుంట, ఇన్నేండ్లు? పత్రికలోళ్లకు ఏడుపు కావాలె, అందుకని రాసిన. అసొంటి ఆడది ఎక్కడ లేదు."

చెబుతుంటే తన చేత్తో తానే ఎవరినో పాతిపెడుతున్నట్టు అనిపించింది. అయినా ఆగలేదు. పిల్లలు, పిల్లలు అనుకుంటూ చివరిదాకా చెప్పింది.

జలీల్ సాబ్ మొహం తేటపడింది. "అదీ మాట! నేను అననే అన్న వీళ్లతోని. పరువు గల ఆడది ఎవరన్న అట్ల బతుకుతదా? సిగ్గు లేని ఆడది కూడ బతకదు. ఏమంటవు సత్తార్ మియా?"

సత్తార్ అంతసేపూ చాప అంచు వంక చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు తలెత్తాడు. ఒక్కసారి గొంతు సవరించుకుని, తల ఊపాడు.

"నిజమే సాబ్," అన్నాడు. "బతకదు."

పెద్దలు లేవబోయారు. ముజీబ్ అప్పటికే చాయ్ కోసం లోపలికి సైగ చేస్తున్నాడు. సాబిరా ఊపిరి వదిలింది.

కర్టెను పక్కకు జరిగింది.

హాజరా బయటికి వచ్చింది. మొహం మీద నఖాబు లేదు. వెనక నుంచి ఖైరున్నీసా చెయ్యి ఆమె కొంగు పట్టుకుని ఉంది. హాజరా ఆ కొంగు లాక్కుంది.

"ఆపా, వద్దు," అంది సాబిరా. "ఆపా, పిల్లలు..."

హాజరా ఆమె వైపు చూడలేదు. పెద్దల వైపూ చూడలేదు. సత్తార్ ముందుకు వెళ్లి నిలబడింది.

"వీళ్లు అననీ. వీళ్లు చూడలే," అంది. "నువ్వెట్ల తల ఊపినవ్?"

సత్తార్ చూపు మళ్లీ చాప అంచు మీదికి పోయింది. 

"నీకు జ్వరమొస్తే తెర ఇవతల నుంచి గ్లాసు అందించిన. నువ్వు తాగినవ్. రోజూ నేను వండింది తిన్నవ్. నేనెట్ల బతికిన్నో నువ్వొక్కనివే చూసినవ్. సిగ్గు లేని ఆడది కూడ అట్ల బతకదంటె నువ్వు తల ఊపుతవా?"

"హాజరా!" అన్నాడు సత్తార్. అది బెదిరింపో బతిమాలడమో ఎవరికీ అర్థం కాలేదు.

హాజరా అప్పుడు జలీల్ సాబ్ వైపు తిరిగింది. కంఠం గట్టిగా లేదు, మామూలుగా ఉంది.

"ఉన్నది సాబ్. దుల్హన్ నా పిల్లల కొరకు అబద్ధమాడింది. అట్ల బతికిన ఆడది ఉన్నది. నేనే."

 ఖైరున్నీసా గుమ్మంలోనే కూలబడింది. సాబిరాకు భయమూ సంతోషమూ ఒక్కసారే పొంగాయి. సంతోషం వేసినందుకు తన మీద తనకే అసహ్యం కలిగింది.

జలీల్ సాబ్ చాలాసేపు నేల చూపులు చూశాడు. ఈ మాట వినకుండా వెళ్లిపోయి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించి ఉంటుంది. చివరికి, అందరికంటే ముందు ఆయనకే ఆ ఆలోచన వచ్చింది.

"బేటీ," అన్నాడు, "పిల్లలు ఎక్కడున్నరు?"

"క్వార్టర్ల," అంది హాజరా. "పొద్దున బీదర్ నుంచి మా అత్త వచ్చింది. నేను చూస్కుంట, నువ్వు పోయిరా అన్నది. ఆమె దగ్గర..."

తను అన్న మాట తనకే అప్పుడు వినపడినట్టు ఆగిపోయింది. గిర్రున వెనక్కి తిరిగింది.

చాప మీద సత్తార్ కూర్చున్న చోటు ఖాళీగా ఉంది. ముజీబ్ ఒక్క అంగలో గుమ్మం దాటి మెట్ల మీదికి పరుగెత్తాడు. కింద స్కూటరు మెట్టుగూడ వైపు మలుపు తిరుగుతోంది. నడుపుతున్నవాడు ఎవరో తెలియదు గాని, వెనక కూర్చున్నది సత్తారే.